మూత్రపిండ వ్యాధి – బీజదోషం : వైద్యుడు అడగవలసిన ఒక ప్రశ్న

కొన్నేళ్ల క్రితం నలభై అయిదేళ్ల రైతు ఒకరు నడుము ప్రక్కన నొప్పితో నా వద్దకు వచ్చారు. అప్పుడప్పుడు మూత్రం ఎర్రగా వస్తున్నదన్నారు. రాళ్లుంటాయని తలచి పల్లేరుకాయల కషాయం, ఉలవకట్టు వాడమన్నాను. నొప్పి కొంత తగ్గింది, నేనూ సంతోషించాను. రెండు నెలల తరువాత ఆయన భార్య మాటల మధ్య, “మా మామగారు కూడా యాభై దాటగానే కిడ్నీలు చెడిపోయి పోయారండీ” అన్నది. ఆ సంగతి మొదటి రోజునే నేను అడిగి ఉండవలసింది. రక్తపోటు చూస్తే 160/100. అల్ట్రాసౌండ్ పరీక్షలో రెండు మూత్రపిండాల నిండా నీటితిత్తులు కనిపించాయి. ఇదే పాలిసిస్టిక్ కిడ్నీ వ్యాధి.

బీజదోషం అంటే ఏమిటి?

సుశ్రుతుడు వ్యాధులను ఏడు విధాలుగా విభజించి, శుక్రశోణిత దోషం వల్ల కలిగేవాటిని ఆదిబల ప్రవృత్తాలన్నాడు. చరకుడు ప్రమేహ విషయంలో బీజదోషాన్ని పేర్కొన్నాడు. నేటి శాస్త్రం ఆ బీజంలోనికి తొంగిచూసింది. ఈ వ్యాధికి ముఖ్య కారణమైన పి.కె.డి.1 జన్యువును 16వ క్రోమోజోముపై 1994లో, పి.కె.డి.2 జన్యువును 4వ క్రోమోజోముపై 1996లో గుర్తించారు. మొదటిదే ఎక్కువ మందిలో ఉంటుంది. దానివల్ల సాధారణంగా యాభయ్యవ పడిలో మూత్రపిండాలు విఫలమవుతాయి. రెండవది నెమ్మదైనది, డెబ్బయ్యవ పడి వరకు ఆగవచ్చు.

తల్లిదండ్రులలో ఒకరికి వ్యాధి ఉంటే, ఆడైనా మగైనా ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. దోషం సంక్రమించని బిడ్డ దానిని తన సంతానానికి ఇవ్వడు. వంశంలో ఎవరికీ లేకపోయినా కొందరిలో కొత్తగా పుట్టవచ్చు.

ఏమి చేయవలెను?

1. తల్లి, తండ్రి, తోబుట్టువులలో ఎవరికైనా ఈ వ్యాధి ఉంటే రక్తపోటు, మూత్రం, క్రియాటినిన్, అల్ట్రాసౌండ్ పరీక్షలు చేయించుకోండి.

2. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదు. ఊరగాయలు, అప్పడాలు, ఎండుచేపలు తగ్గించండి. రక్తపోటు మందులు సొంతంగా మానకండి.

3. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వాడరాదు.

4. వ్యాధి ముదిరినవారు కొబ్బరినీళ్లు, అరటిపండ్లు వైద్యుని అడగకుండా తీసుకోరాదు; వాటిలోని పొటాషియం గుండెకు ప్రమాదం.

5. ఈశ్వరి, గాడిదగడపాకు జాతి మూలికలు పనికిరావు. వాటిలోని అరిస్టోలోకిక్ ఆమ్లం ఆరోగ్యవంతుల మూత్రపిండాలను సైతం చెడగొడుతుంది. పేరు తెలియని భస్మాలు అసలే వద్దు.

6. మూత్రపిండం దానం చేయదలచిన రక్తసంబంధికులు ముందుగా తమకు ఈ దోషం లేదని నిర్ధారించుకోవలెను.

ఏ ఆకూ, ఏ కషాయమూ జన్యువును మార్చలేదు. ఈ మాట మూలికలతోనే జీవించే నేను చెప్పడం కొందరికి రుచించకపోవచ్చు. వ్యాధి వేగంగా పెరిగేవారిలో దానిని మందగింపజేసే టోల్వాప్టాన్ అనే మందు ఉన్నది. మూత్రపిండ నిపుణుల పర్యవేక్షణలోనే వాడవలెను.

ఆ రైతును నిపుణుని వద్దకు పంపి, తోబుట్టువులనూ పరీక్ష చేయించుకోమన్నాను. నలభై ఒక్కేళ్ల తమ్మునికి తిత్తులు లేవు. ముప్పై ఆరేళ్ల చెల్లెలికి ఉన్నాయి. ఆమెకు అప్పటికి ఏ బాధా లేదు. రక్తపోటు మాత్రం హెచ్చుగా ఉన్నది. ఆ రోజు నుండి మందు మొదలుపెట్టారు.

నాడి పట్టుకునే ముందు, “మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నదా?” అని ఇప్పుడు ప్రతివారినీ అడుగుతున్నాను. నేను అడగకపోయినా మీరు చెప్పండి.