సందేహాలు - సమాధానాలు: జాన్ లె కారే గూఢచారి నవలలు

ప్రశ్న: నా వయసు 62. ‘టింకర్ టైలర్ సోల్జర్ స్పై’ మొదలుపెట్టాను. అరవై పేజీలు దాటినా ఎవరు ఎవరో గుర్తుండటం లేదు. నాకు మతిమరుపు మొదలైందా?
- ఒక రిటైర్డ్ ఉద్యోగి, ఏలూరు

జవాబు: కంగారు పడకండి. 1974లో వచ్చిన ఈ నవల మొదటిసారి చదివేవాళ్లను ఇలాగే తికమక పెడుతుంది. కథానాయకుడు స్మైలీకి కూడా హోటల్ గదిలో రాత్రుళ్లు పాత ఫైళ్లు తిరగేస్తే తప్ప తమలో ఉన్న ద్రోహి ఎవరో తేలలేదు. ఒక కాగితం మీద పేర్లు రాసుకుని పక్కన పెట్టుకోండి. ఇంట్లో పనులు, అయినవాళ్ల పేర్లు కూడా మరచిపోతుంటే అప్పుడు డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు. రాత్రిళ్లు ఈయన నవలలే. మోసాలు, అబద్ధాలు గొప్పవని వాడి మనసులో నాటుకుంటుందేమోనని భయంగా ఉంది.
- ఒక తల్లి, నల్గొండ

జవాబు: మీ భయం సహజమేనమ్మా. కానీ ఈయన గూఢచారి జేమ్స్ బాండ్‌లా ఉండడు. జార్జ్ స్మైలీ పొట్టిగా, లావుగా, నప్పని బట్టల్లో కనిపిస్తాడు. కళ్లజోడు టై కొసతో తుడుచుకుంటూ, చేసిన పనులకు లోలోపల నలిగిపోతుంటాడు. అబద్ధానికి మనుషులు చెల్లించే వెల ఎంతో చూపించే పుస్తకాలివి. నిద్ర, చదువు పాడవుతుంటే మాత్రం పుస్తకం లాక్కోకుండా, చదవడానికి ఒక వేళ పెట్టండి.

ప్రశ్న: ప్రభుత్వోద్యోగిని. రైల్లో ఆఫీసుకు వెళ్లి వస్తూ నవల రాస్తున్నాను. ముప్ఫై దాటుతున్నాయి, ఆలస్యమైపోయిందా? ఆఫీసులో తెలిస్తే ఏమవుతుందో!
- ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: ఏమీ ఆలస్యం కాలేదు. లె కారే అసలు పేరు డేవిడ్ కార్న్‌వెల్, పుట్టింది 1931లో. తొలి నవల ‘కాల్ ఫర్ ది డెడ్’ వచ్చింది 1961లో. బ్రిటన్ గూఢచారి శాఖలో పనిచేస్తూ, లండన్‌కు రైల్లో వెళ్లి వస్తూ చిన్న నోటుపుస్తకాల్లో చేత్తో రాశారు. సొంత పేరుతో అచ్చు వేసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు కనుక మారుపేరు పెట్టుకున్నారు. మీరు ముందు మీ శాఖ నియమాలు చూసుకుని, అవసరమైతే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఆ తర్వాత భయపడాల్సింది లేదు.

ప్రశ్న: మా నాన్న ఊళ్లో ఎందరినో ముంచారు. లె కారే తండ్రీ అలాంటివాడేనని చదివాను. ఆ బుద్ధి నాకూ వస్తుందా?
- పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: ధైర్యంగా ఉండండి, తండ్రి చేసిన తప్పులు బిడ్డ నుదుట రాసి ఉండవు. లె కారే తండ్రి రానీ మోసాలు చేసి జైలుకు వెళ్లారు. కొడుక్కి అయిదేళ్లప్పుడే తల్లి ఇల్లు విడిచి వెళ్లిపోయారు. ఆ గాయాన్ని ‘ఎ పర్ఫెక్ట్ స్పై’ నవలగా మలచడానికి ఆయనకు 1986 దాకా పట్టింది. అప్పటికి తండ్రి పోయి 11 ఏళ్లు. మీకు ఇప్పటికీ కోపం, జాలి కలిసి వస్తుంటే అది మామూలే. నిద్ర పట్టకపోయినా, పని మీద మనసు నిలవకపోయినా ఆ బరువు ఒంటరిగా మోయకండి, మానసిక వైద్యులతో మాట్లాడండి.

ప్రశ్న: సోవియట్ యూనియన్ కూలి ఎన్నో ఏళ్లయింది. ఇప్పుడు చదివితే ఏమైనా అర్థమవుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: తప్పకుండా అర్థమవుతుంది, సందేహించకండి. ఆ కాలం ముగిశాక కూడా ఆయన కలం ఆగలేదు. 2001 నాటి ‘ది కాన్‌స్టెంట్ గార్డెనర్’లో కెన్యా పేదల మీద మందులు పరీక్షించే కంపెనీని నిలదీశారు. 2020 డిసెంబరులో, 89 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 1963లో ఆయనకు ప్రపంచమంతటా పేరు తెచ్చిన ‘ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్’తో మొదలుపెట్టండి, చిన్న పుస్తకం, సూటిగా సాగుతుంది. రోజుకు పది పేజీలు చాలు, తొందరపడకండి.