కుంకుడు నురుగు, చెరువు నీరు

ప్రశ్న: మా కోయంబత్తూరులో బట్టలుతికిన నీరు కాలువ గుండా చెరువునకే పోవుచున్నది. చెరువునకు హాని కలుగకుండ ఉతుకుట యెట్లు?

జవాబు: అమ్మా, మీ చింత సముచితమైనది, ఏలయన నొయ్యల్ నదీజలములతో నిండవలసిన ఉక్కడం, సింగానల్లూరు చెరువులపై గుర్రపుడెక్క దట్టముగ అల్లుకొనుటకు, ఇండ్ల మురుగుతో చేరు భాస్వర, నత్రజని లవణములే పోషకములగుచున్నవి. కావున ఫాస్ఫేటు లేని పొడిని ఎన్నుకొని, దానినైనను మితముగ వాడవలయును. నురుగు హెచ్చినంత మాత్రమున మురికి హెచ్చుగ వదలదు.

నీటి స్వభావము నెరుగుట అంతకంటె ముఖ్యము. మీ ఊరికి వచ్చు శిరువాణి నీరు మృదువైనది గనుక స్వల్పమైన సబ్బుతోనే నురుగునిచ్చును. బోరునీటియందలి కాల్షియం, మెగ్నీషియం లవణములో, సబ్బుతో కలిసి కరగని తెట్టెగ మారుటచే, ఎంత రుద్దినను సబ్బు వ్యర్థమగును. అట్టి నీటిలో ముందుగ కొంచెము చాకలిసోడా కలుపుడు. పట్టునకు, ఉన్నికి మాత్రము అది తగదు.

నాయకరాజుల కాలమునుండి మధురలో స్థిరపడిన మన తెలుగిండ్లకు పరిచితమైన కుంకుడుకాయను నేను మనసార మెచ్చుకొందును. గింజలు తీసి నానబెట్టి పిసికిన ఆ రసము, అందలి సపోనినుల వలన, సుంగుడి చీరలవంటి రంగు నూలుబట్టలను మృదువుగ శుభ్రపరచును. అయితే సపోనినులు చేపలకు విషమగుటచే ఆ రసమును నేరుగ చెరువులో కలుపరాదు. కొబ్బరిచెట్టు మొదట పోయవచ్చును. సోడా నీటిని మాత్రము మొక్కలకు పోయకుడు, అందలి సోడియము మట్టిని బిగియించును.