రిపోర్టు బాగుంది, ఒళ్లు బాగోలేదు

చిరంజీవి మాధవికి,

థైరాక్సిన్ వాడుతున్న ఆవిడ నీరసం, జుట్టు రాలడం, ఒళ్లు నొప్పులు అంటూ మళ్లీ ఓపీకి వచ్చిందనీ, టీఎస్‌హెచ్ 3.1 చూసి "అంతా నార్మలే" అన్నాననీ, "మరి నాకెందుకిలా ఉంది డాక్టరమ్మా?" అంటే నోట మాట రాలేదనీ రాశావు. ఆ 3.1 బహుశా అబద్ధం చెప్పడం లేదు. నువ్వడిగిన దానికి మాత్రమే జవాబు చెప్పింది. ఆవిడ అడుగుతున్నది వేరు.

నీకు తెలిసిందే, అయినా చెబుతాను. పిట్యూటరీ మేస్త్రీలాంటిది. థైరాయిడ్ గ్రంథి పని మందగిస్తే మేస్త్రీ గొంతు పెరుగుతుంది. టీఎస్‌హెచ్ పరీక్షలో మనం కొలిచేది ఆ గొంతునే. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ టీ4 సగానికి పడిపోతే టీఎస్‌హెచ్ రెండింతలు కాదు, దాదాపు వంద రెట్లు పెరుగుతుంది. పైగా అది రాత్రిపూట ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. అందుకని 2.2 కాస్తా 3.1 అయిందని మోతాదు మార్చకు. మార్చాల్సి వస్తే మళ్లీ పరీక్షకు ఆరు వారాలు ఆగు. టీ4 సగం తరగడానికే వారం పడుతుంది, పిట్యూటరీ కుదుటపడేసరికి ఇంకా ఆలస్యం. 0.4 నుంచి 4 అనే హద్దులైనా ఆరోగ్యవంతుల్లో నూటికి తొంభై అయిదుగురి లెక్కే. మిగతా అయిదుగురూ ఏ జబ్బూ లేకుండానే ఆ గీతకు అవతల ఉంటారు. వయసు మీరినకొద్దీ పై హద్దు ఇంకా పైకి జరుగుతుంది.

ఇక ఆవిడ సంగతి. మందు మొదలుపెట్టిన నాటి కాగితం అడిగావా? నేనైతే ముందు అదే చూస్తాను. అప్పుడు టీఎస్‌హెచ్ 60 ఉండి, టీ4 బాగా తగ్గి ఉంటే, ఆ నీరసంలో థైరాయిడ్‌కు పెద్ద వాటాయే ఉండి ఉంటుంది. అలా కాక టీఎస్‌హెచ్ ఆరో ఏడో, టీ4 మామూలుగా ఉన్నప్పుడే బిళ్ల రాసి ఉంటే? అప్పుడు నీరసానికి మొదటి నుంచీ కారణం వేరే కావచ్చు. అరవై అయిదు దాటినవాళ్లలో ఇలాంటి స్వల్ప తేడాకు థైరాక్సిన్ ఇచ్చి చూసిన పెద్ద అధ్యయనం ఒకటి 2017లో వెలువడింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కంటే బాధలేమీ తగ్గలేదు. మన దగ్గర ఇలా మొదలైన బిళ్లలు ఎన్నో జన్మాంతం సాగుతున్నాయి. ఎందుకని అడిగే తీరిక ఎవరికీ లేదు.

సీబీపీ, ఫెరిటిన్, బీ12, షుగరు రాయి. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా అని అడుగు. గురక పెడుతుందా, మధ్యాహ్నం కూర్చున్నచోటే కునుకుతుందా అని ఇంట్లోవాళ్లను అడుగు. మనసు బాగుందా అని మాత్రం ఆవిడనే, పక్కన ఎవరూ లేనప్పుడు అడుగు.

మందుల సంచీ మొత్తం తెమ్మను. ఐరన్, కాల్షియం మాత్రలను థైరాక్సిన్‌తో కలిపి మింగేవాళ్లే ఎక్కువ. మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. బిళ్ల పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట ఆగాలి. జుట్టు కోసం బయోటిన్ వాడుతోందేమో చూడు. కొన్ని యంత్రాల్లో అది టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. అంటే నీ 3.1 నిజానికి 8 కావచ్చు. కనీసం రెండు రోజులు ఆపించి మళ్లీ రక్తం తీయించు.

ఇంకొకటి, అరుదే గాని పొరబడితే ప్రాణం మీదికి వస్తుంది. పురిట్లో విపరీతంగా రక్తం పోయి, తర్వాత పాలు పడక, నెలసరి తిరిగి రాని మనిషిలో పిట్యూటరీయే దెబ్బతిని ఉండవచ్చు. అక్కడ టీ4 తక్కువగా ఉన్నా టీఎస్‌హెచ్ మామూలుగానే కనిపించవచ్చు. మేస్త్రీకే గొంతు పోయింది మరి. ఒట్టి టీఎస్‌హెచ్ రాసి ఊరుకుంటే ఇది ఎన్నటికీ దొరకదు. అనుమానం వస్తే ఫ్రీ టీ4తో పాటు కార్టిసాల్ కూడా చూడు. కార్టిసాల్ తక్కువైతే ముందు హైడ్రోకార్టిసోన్, ఆ తర్వాతే థైరాక్సిన్. వరస తప్పితే మనిషి కుప్పకూలిపోతుంది.

ఇవన్నీ చూశాక కూడా ఏమీ తేలకపోవచ్చు. టీఎస్‌హెచ్ కుదిరినా నూటికి అయిదు నుంచి పదిమందిలో బాధలు మిగిలిపోతాయి. అప్పుడు "ఇంకో పాతిక మైక్రోగ్రాములు పెంచి చూద్దాం" అనిపిస్తుంది. పెంచకు. టీఎస్‌హెచ్ అడుగంటితే గుండె లయ తప్పుతుంది, నెలసరి ఆగిన ఆడవాళ్లకు ఎముకలు గుల్లబారతాయి. టీ3 కూడా కలిపి ఇమ్మని అడిగేవాళ్లు ఈమధ్య వస్తున్నారు. ఒళ్లు తనకు కావలసిన టీ3ని చాలామటుకు టీ4 నుంచే చేసుకుంటుంది. రెండూ కలిపి ఇచ్చి చూసిన ప్రయోగాల్లో నిలకడగా లాభం కనబడలేదు. కొందరికి నయంగా ఉందంటారు, కాదనను. ఆ నిర్ణయం మాత్రం ఎండోక్రైనాలజిస్టుకు వదిలెయ్. గర్భిణులకూ గుండెజబ్బు ఉన్నవాళ్లకూ ఆ ఊసే ఎత్తకు.

ఫెరిటిన్ ఎంత వచ్చిందో నాకు రాయి.

పెద్దమ్మ