ఆర్‌ఓ ట్యాంకు మూత చివరిసారి ఎప్పుడు తీశారు?

ప్రశ్న: మూడేళ్లుగా ఇంట్లో ఆర్‌ఓ నీళ్లే తాగుతున్నాం. మీటరు పెట్టి చూస్తే టీడీఎస్ 40 దాటదు. అయినా మా ఆరేళ్ల బాబుకు నెలకో, రెండు నెలలకో విరేచనాలు పట్టుకుంటున్నాయి. మెడికల్ షాపులో అడిగి ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన సిరప్ తెచ్చి పోస్తే రెండు రోజుల్లో తగ్గిపోతోంది. మిషను మార్చేద్దామనుకుంటున్నాం. ఏ రకం కొనమంటారు?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: కొత్తది కొనకండమ్మా. ముందు ఉన్న మిషను ట్యాంకు మూత తీయండి. మీ ఉత్తరంలో మీటరు అంకె ఉంది, సిరప్ పేరుంది, మిషను వయసుంది. ట్యాంకు ఎప్పుడు కడిగారో మాత్రం లేదు. ఆ 40 చూసి మీరు నిశ్చింతగా ఉన్నారు. మీటరు చేసే పని నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలిచి, దాన్నిబట్టి కరిగిన లవణాల లెక్క కట్టడం. ఆ లెక్కలో క్రిములు ఉండవు. కలరా క్రిములున్న నీళ్లకూ అది 40 చూపించవచ్చు, ఏ దోషమూ లేని కుళాయి నీళ్లకు 300 చూపించవచ్చు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఉన్నా అభ్యంతరం లేదంటుంది. వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా సరిపెట్టుకోమంటుంది. ఇ.కోలై విషయానికి వస్తే, 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనిపించకూడదంటుంది. లవణాల విషయంలో అంత వెసులుబాటు ఇచ్చిన ప్రమాణం క్రిముల దగ్గర ఏ సడలింపూ ఇవ్వలేదు. మనం భయపడాల్సింది దేనికో దీన్నిబట్టే తెలుస్తుంది.

మిషను లోపల నీళ్లు నడిచే దారి చూడండి. మొదటి ఫిల్టరు మట్టినీ తుప్పునూ ఆపుతుంది. తర్వాతి కార్బన్ ఫిల్టరు క్లోరిన్‌ను పీల్చేస్తుంది. క్లోరిన్ తగిలితే మెంబ్రేన్ పాడవుతుంది కాబట్టి ఇది తప్పని పని. ఆపైన మెంబ్రేన్ లవణాలనూ క్రిములనూ ఆపుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. మెంబ్రేన్ దాటి ట్యాంకులో చేరిన నీళ్లకు మాత్రం కాపలా ఎవరూ లేరు. సరఫరా నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్న నియమం పెట్టింది, దారిలో క్రిములు చేరినా పెరగకూడదనే. మన మిషను ఆ క్లోరిన్‌ను తీసేసి, ఆ నీళ్లనే వంటింటి వేడిలో గంటల తరబడి ప్లాస్టిక్ ట్యాంకులో నిలబెడుతుంది. మూత సందులోంచో, కుళాయి మూతికి తగిలిన చేతినుంచో చేరిన క్రిములు గోడకు అంటుకుని జిగురు పొర కడతాయి. ట్యాంకు అడుగున వేలితో రాస్తే జారుడుగా తగిలేది అదే. ఆ పొరలో ఉన్నవన్నీ రోగాలు తెచ్చేవి కావు. కానీ రోగం తెచ్చేదొకటి వచ్చిపడితే అక్కడ దానికి తిండీ నీడా సిద్ధంగా ఉంటాయి.

‘మా దాంట్లో యూవీ కూడా ఉంది’ అంటారేమో. యూవీ కాంతి తన ముందునుంచి వెళ్లే క్రిములను ఆ క్షణంలో దెబ్బతీస్తుంది, అంతే. నీళ్లలో ఏమీ మిగల్చదు. దీపం దాటాక ట్యాంకులో చేరే క్రిములను అది ఆపలేదు. పైగా దీపం నీలంగా వెలుగుతున్నంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు. వెలుగు అలాగే ఉండి, క్రిములను చంపే శక్తి తగ్గిపోతుంది. అందుకే ఏడాదికోసారి మార్చమంటారు. ‘సర్వీసు మనిషి వచ్చి చూసుకుంటాడు’ అన్నది మరో ధీమా. అతను వచ్చేది ఎక్కువగా ఫిల్టర్లు మార్చడానికి. మీరు అడిగితే తప్ప ట్యాంకు జోలికి వెళ్తాడన్న నమ్మకం లేదు. ఎదురుగా నిలబడి మూత తీయించండి.

కడగడం కష్టమేమీ కాదు. ప్లగ్ పీకండి, నీళ్లు వచ్చే వాల్వు కట్టేయండి, ట్యాంకు ఖాళీ చేయండి. చేతులు సబ్బుతో కడుక్కుని, ఈ పనికే ఉంచుకున్న కొత్త మెత్తటి బ్రష్‌తో గోడలూ, అడుగూ, మూలలూ, మూత లోపలి అంచూ రుద్దండి. జిగురు వదలాలి. అది వదలకుండా పోసిన మందు పొర లోపలికి చేరదు. తర్వాత, సువాసన కలపని 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం లీటరు మంచినీళ్లకు ఒక మిల్లీలీటరు చొప్పున కలిపి ట్యాంకులో నింపండి. కుళాయి తిప్పి ఒక గ్లాసు వదిలితే కుళాయి గొట్టంలోకీ మందు చేరుతుంది. అరగంట ఉంచి అంతా కుళాయిలోంచే వదిలేయండి. వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగండి. మిషను మళ్లీ నింపిన మొదటి ట్యాంకు నీళ్లు తాగకుండా పారబోయండి. మూత తీయడానికి వీలున్న ప్లాస్టిక్ ట్యాంకులకే ఈ పద్ధతి. స్టీలు ట్యాంకైనా, మూసి ఉండే ప్రెషర్ ట్యాంకైనా కంపెనీ పుస్తకంలో చెప్పినట్టే చేయించండి. ఈ మందు పొరపాటున కూడా మెంబ్రేన్ వైపు వెళ్లకూడదు. బాత్రూం యాసిడ్, వెనిగర్, నిమ్మ ఉప్పు వంటివి దీంతో ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది. ‘తాగే నీళ్ల ట్యాంకులో బ్లీచింగా?’ అని భయం వద్దు. ఊరి నీళ్లను కాపాడేదీ క్లోరినే. మోతాదు పాటించి, బాగా కడిగేస్తే ప్రమాదం లేదు. మూడు నెలలకోసారి చేయండి, వానాకాలంలో నెలకోసారి.

ఇక సిరప్ సంగతి. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడలేను. పిల్లల విరేచనాల్లో చాలావరకు వైరస్‌ల వల్ల వచ్చేవి, వాటంతట అవే తగ్గేవి. రెండు రోజుల్లో సిరప్ తగ్గించిందని మీరనుకున్నది, సిరప్ లేకపోయినా తగ్గి ఉండేదే కావచ్చు. యాంటీబయాటిక్ పేగులో ఉండాల్సిన మంచి క్రిములను కూడా చంపుతుంది. దానివల్లే మళ్లీ విరేచనాలు కావచ్చు. పదేపదే వాడితే మందుకు లొంగని క్రిములు మిగులుతాయి. రేపు బాబుకు నిజంగా టైఫాయిడ్ వస్తే ఏం పనిచేస్తుంది? షాపతను అడిగినది ఇస్తాడు. బాబు పొట్ట నొక్కి చూడడు, బరువు తూచడు. విరేచనాలు మొదలవగానే ఓఆర్‌ఎస్ పాకెట్ దానిమీద రాసినన్ని నీళ్లలోనే కలిపి కొద్దికొద్దిగా పట్టండి. డాక్టరు సలహాతో జింకు రోజుకు 20 మిల్లీగ్రాములు 10–14 రోజులు ఇవ్వండి. తిండి మాన్పించకండి. విరేచనంలో రక్తం, ఎక్కువ జ్వరం, గుంటలు పడిన కళ్లు, మూత్రం రాకపోవడం కనిపిస్తే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి. అవేవీ లేకపోయినా ఇన్నిసార్లు వచ్చిన బిడ్డను పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించాల్సిందే. కారణం నీళ్లు కాకపోవచ్చు. జియార్డియా కావచ్చు, పాలు పడకపోవడం కావచ్చు, భోజనానికి ముందు చేతులు కడగకపోవడం కావచ్చు. ట్యాంకు కడిగేశామని డాక్టరు దగ్గరికి వెళ్లడం మానకండి.

ప్రశ్న: మిషను అమ్మేవాళ్లు వచ్చి మా కుళాయి నీళ్లలో రెండు కడ్డీలు పెట్టి కరెంటు ఇస్తే, నీళ్లు గోధుమరంగులోకి తిరిగి అడుగున మడ్డి చేరింది. వాళ్ల నీళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. ఇన్నాళ్లూ మేం తాగింది విషమేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కాదు. ఆ రంగు కడ్డీలోని ఇనుముది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారి ఇనుము కరుగుతుంది, లవణాలు లేని నీళ్లలో పారదు. వాళ్ల తేట నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ కరెంటు ఇమ్మనండి, అవీ రంగు మారతాయి. కొనాలా వద్దా అన్నది నీటి పరీక్ష చేయించి తేల్చుకోండి. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునలే చెప్పింది.

ప్రశ్న: ఆల్కలైన్ ఫిల్టరు పెట్టిస్తే రక్తంలో ఆమ్లం తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: తగ్గదు. తాగిన నీళ్లు ముందు కడుపులోని ఆమ్లంలో కలుస్తాయి. రక్తం పీహెచ్‌ను 7.35–7.45 మధ్య ఉంచే పని ఊపిరితిత్తులది, మూత్రపిండాలది. ఆ డబ్బుతో పాత ఫిల్టర్లు మార్పించండి.

ప్రశ్న: నా వయసు 68. ఆర్‌ఓ నీళ్లు ఎముకల్లోని కాల్షియం లాగేస్తాయని ఫోన్లో వీడియో చూశాను. అప్పటినుంచి మిషను ఆపేసి మా బోరు నీళ్లే కాచి తాగుతున్నాను. అయినా మోకాళ్లు, నడుము బిగుసుకుపోతున్నాయి. కాల్షియం మాత్రలు ఎన్ని వేసుకోవాలి?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, కనిగిరి

జవాబు: అయ్యా, మీ భయం అర్థమైంది. ఎముకలు పెళుసవుతాయంటే ఈ వయసులో ఎవరికైనా గుబులే. అయినా లెక్క వేసి చూద్దాం. ఆర్‌ఓ నీళ్లలో కాల్షియం తక్కువన్నది నిజం. కానీ మనకు కాల్షియం వచ్చేది ముఖ్యంగా తిండినుంచి. లీటరుకు 75 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న మంచి నీళ్లు రోజుకు రెండు లీటర్లు తాగితే వచ్చేది 150 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది సుమారు 1000. ఆ 150 లోటు ఒక గ్లాసు పాలు తీరుస్తాయి. వంద గ్రాముల రాగిపిండిలో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. నీళ్లు ఎముకల్లోంచి కాల్షియం లాక్కుపోతాయన్న మాటకు ఆధారం లేదు. ‘ఖనిజాలు లేని నీళ్లు మంచివి కావని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంది కదా’ అని మీరు అడగవచ్చు. ఆ సంస్థ ప్రచురణల్లో ఆ చర్చ ఉంది. తిండి అరకొరగా తినేవాళ్ల విషయంలో అది ఆలోచించాల్సిందే. దానికి పరిష్కారం పళ్లెంలో ఉంది. బోరు నీళ్లు పరిష్కారం కావు.

ఎందుకంటే మీరుండేది కనిగిరి. ఆ ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకపోతే మేలు, 1.5 దాటితే అసలు తాగకూడదు. ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే కీళ్లు, వెన్ను బిగుసుకుపోతాయి. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అంటే ఎముకలను కాపాడుకుందామని మీరు ఎంచుకున్న నీళ్లే ఎముకలకు చేటు చేసేవి కావచ్చు. ముక్కూమొహం తెలియనివాడు ఫోన్లో నాలుగు మాటలు చెబితే ఇన్నేళ్ల అలవాటు ఒక్కరోజులో మానేశారు. మాత్రలు వేసుకునే ముందైనా డాక్టరును కలవాలనుకోలేదు. ఆ వీడియో చేసినవాడికి మీ బోరు లోతు తెలియదు, మీ ఎక్స్‌రే తెలియదు. ఇవాళే బోరు నీళ్లు మానండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఆ నీళ్లు పరీక్ష చేయించి, ఆ కాగితంతో ఎముకల డాక్టరును కలవండి. మీ నొప్పులు ఫ్లోరైడ్ వల్లా, వయసు అరుగుదల వల్లా అన్నది ఆయన తేలుస్తారు.

ఆపి ఉంచిన మిషను నీళ్లు అలాగే పట్టుకుని తాగకండి. ముందు చెప్పినట్టు ట్యాంకు కడిగి, ఫిల్టర్లు చూపించి, మొదటి రెండు ట్యాంకులు వదిలేయండి. మీలాంటి బోరు ఇళ్లలో మాత్రం టీడీఎస్ మీటరు అక్కరకొస్తుంది. అది నీళ్లు సురక్షితమో కాదో చెప్పదు గాని, మెంబ్రేన్ ఎలా ఉందో చెబుతుంది. లోపలికి వెళ్లే నీళ్లకు 1200, వచ్చే నీళ్లకు 80 ఉన్నది కొన్నాళ్లకు 300 అయిందంటే మెంబ్రేన్ దెబ్బతింది, లవణాలతో పాటు ఫ్లోరైడ్ కూడా జారుతోందని అర్థం. నెలకోసారి రెండు అంకెలూ క్యాలెండర్ మీద రాసుకోండి.

ప్రశ్న: మూడు నెలలు అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తున్నాం. మిషను ఏం చేయాలి?
– దంపతులు, గుంటూరు

జవాబు: ట్యాంకు ఖాళీ చేసి, ప్లగ్ పీకి, వాల్వు కట్టేయండి. మెంబ్రేన్ తడి ఆరకూడదు, దాన్ని విప్పి ఎండబెట్టకండి. వచ్చాక మట్టి, కార్బన్ ఫిల్టర్లు మార్పించి, ట్యాంకు కడిగించి, మొదటి రెండు ట్యాంకులు పారబోసి తాగండి. ప్రయాణ బడలికలో ఈ పని వాయిదా వేయకండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఎనిమిదో నెల. పురిటికి మా ఇంటికి వస్తోంది. తనకూ, పుట్టబోయే బిడ్డకూ ఆర్‌ఓ నీళ్లు ఇవ్వాలా, కాచినవి ఇవ్వాలా, క్యాన్ నీళ్లు తెప్పించాలా? ఎండాకాలం కదా, బిడ్డ గొంతు ఎండకుండా రోజుకు ఎన్ని చెంచాలు పట్టాలి?
– కాబోయే అమ్మమ్మ, కాకినాడ

జవాబు: తల్లీ, ముందు అమ్మాయి సంగతి. నీళ్లద్వారా వచ్చే కామెర్లలో ‘హెపటైటిస్-ఈ’ రకం గర్భిణులకు చాలా ప్రమాదకరం. చివరి మూడు నెలల్లో సోకితే నూటికి 20–25 మంది దాకా ప్రాణాలకే ముప్పు. భయపెట్టడానికి చెప్పడం లేదు, ఈ రెండు నెలలు ఏమరపాటు వద్దని చెబుతున్నాను. అమ్మాయి రాకముందే ట్యాంకు కడిగించి, గడువు దాటిన ఫిల్టర్లు మార్పించండి. ఆపైన మిషను నీళ్లనే తెర్లించి, మరుగు మొదలయ్యాక ఒక నిమిషం ఉంచి, మూతపెట్టి చల్లార్చండి. ‘శుద్ధి చేసిన నీళ్లను మళ్లీ కాచడమెందుకు?’ అనుకోకండి. మెంబ్రేన్ దాటాక ట్యాంకులోనో కుళాయి దగ్గరో చేరే క్రిముల కోసమే ఇది. కాచిన నీళ్లలో గ్లాసు ముంచకండి, కుళాయి ఉన్న పాత్రలో పోయండి, ఏ రోజువి ఆ రోజే వాడండి. క్యాన్ నీళ్లూ, బయటి చెరకు రసమూ, ఐసూ ఈ రెండు నెలలు వద్దు. క్యాన్ ఎవరు ఎలా కడిగారో మీకు తెలియదు. కళ్లు పచ్చబడినా, వాంతులతో తిండి సహించకపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఇంట్లో ఆకుమందు వేస్తూ కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక బిడ్డ సంగతి. ఎన్ని చెంచాలంటే ఒక్క చెంచా కూడా వద్దు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు, తేనె, చక్కెర నీళ్లు ఏవీ ఇవ్వకూడదు, ఎంత ఎండ కాసినా సరే. తల్లిపాలలో ఎక్కువ భాగం నీరే, బిడ్డ దాహం అదే తీరుస్తుంది. నీళ్లు పడితే చిన్న పొట్ట నిండి పాలు తక్కువ తాగుతుంది, అరగని వయసులో క్రిములు లోపలికి వెళ్తాయి. మీ ప్రేమంతా బాలింత మీద చూపండి. ఆమె తరచూ పాలివ్వాలి, తను కడుపునిండా తిని, కాచి చల్లార్చిన నీళ్లు దాహం తీరేదాకా తాగాలి. పాత పద్ధతి అని పక్కింటివాళ్లు చెంచాతో నీళ్లు తెచ్చినా, ఆ చేతిని ఆపాల్సింది మీరే.