విషాన్ని హరించే సూక్ష్మజీవులు

గమాక్సిన్ పేరు వినని రైతు కుటుంబం మన దేశంలో ఒకప్పుడు అరుదు. ఇంటిలో చీమలకు, పొలంలో పురుగులకు విరివిగా చల్లిన ఈ మందు శాస్త్రీయంగా బి.హెచ్.సి. అనే రసాయనం. 1997లో ప్రభుత్వం దీనిని నిషేధించింది. అయితే నిషేధం వాడకాన్ని ఆపగలదు గాని, అప్పటికే నేలలో చేరిన విషాన్ని తొలగించలేదు. ఆ పనికి తోడ్పడగల జీవులు మట్టిలోనే ఉన్నట్లు పరిశోధనలు తెలియజేశాయి.

బి.హెచ్.సి. అణువులో 6 కార్బన్ పరమాణువుల వలయానికి 6 క్లోరిన్ పరమాణువులు అంటిపెట్టుకొని ఉంటాయి. వాటి అమరికను బట్టి ఆల్ఫా, బీటా, గామా, డెల్టా మొదలైన రూపాలు ఏర్పడతాయి. పురుగులను చంపేది ముఖ్యంగా గామా రూపం; దీనినే లిండేన్ అంటారు. కర్మాగారంలో తయారయ్యే ముడి పదార్థంలో దీని పాలు సుమారు 10 నుంచి 15 శాతం మాత్రమే. అందువల్ల ఒక టన్ను లిండేన్‌ను వేరుచేస్తే 6 నుంచి 10 టన్నుల వ్యర్థం మిగిలేది. లక్నో సమీపంలోని ఉమ్మరి గ్రామం వద్ద ఇటువంటి వ్యర్థం ఆరుబయట గుట్టలుగా పడింది. ఇది నీటిలో అంతగా కరగదు. జీవుల కొవ్వులో నిలువ ఉండి, ఆహారం ద్వారా ఒక ప్రాణి నుంచి మరొక ప్రాణికి చేరుతుంది.

కటక్ నుంచి ఢిల్లీకి

బి.హెచ్.సి. చల్లిన నేలలో ఆ విషాన్నే ఆహారంగా గ్రహించే బాక్టీరియాను కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు గుర్తించి, 1990లో ఆ వివరాలు వెల్లడించారు. తదుపరి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆచార్య రూప్ లాల్ బృందం దీనిపై విస్తృత పరిశోధన గావించింది. 2005లో దీనికి ‘స్ఫింగోబియం ఇండికం’ అనే పేరు వచ్చింది.

ఈ బాక్టీరియాలోని ఒక ఎంజైము అణువు నుంచి క్లోరిన్‌ను, దానితోపాటు హైడ్రోజన్‌ను తొలగిస్తుంది. మరొకటి క్లోరిన్ స్థానంలో హైడ్రాక్సిల్‌ను చేర్చుతుంది. ఈ విధంగా వలయం క్రమంగా బలహీనపడి, చివరకు తెగిపోతుంది. మొక్కజొన్న కండెల పొడిలో ఈ జీవులను పెంచి, కలుషిత నేలలో కలిపే ప్రయోగాలు కూడా జరిగాయి.

పరిమితులు

అన్ని రూపాలూ ఒకే తీరున లొంగవు. బీటా రూపం మిక్కిలి స్థిరమైనది. మొదటి ఎంజైము దీనిపై పనిచేయదు. రెండవది మార్చిన పదార్థం కూడా పూర్తిగా విచ్ఛిన్నం కాక నిలిచిపోవచ్చు. పైగా ఈ జీవులకు తగిన తేమ, గాలి, ఉష్ణోగ్రత అవసరం. పలుచగా వ్యాపించిన కాలుష్యాన్ని తగ్గించడానికి ఇవి తోడ్పడగలవు గాని, గుట్టలుగా పడిన వ్యర్థాన్ని వీటికే విడిచిపెట్టడం తగదు.

2009లో స్టాక్‌హోం ఒప్పందం లిండేన్‌ను, ఆల్ఫా, బీటా రూపాలను తన జాబితాలో చేర్చింది. మన దేశంలో లిండేన్ తయారీ 2011లో, వాడకం 2013లో నిషిద్ధమయ్యాయి. ఇక గుట్టలపై వాన నీరు పడకుండా కప్పడం, చుట్టుపక్కల బావుల నీటిని పరీక్షించడం మొదట జరగవలసిన పనులు. అటుపిమ్మటనే నేలను శుద్ధి చేసే బాధ్యతలో సూక్ష్మజీవులకు భాగం కల్పించడం సముచితం.