నీళ్లలో కనపడని విషం

నీళ్లు తేటగా ఉంటాయి. వాసన ఉండదు. రుచి మారదు. అయినా వాటిలో విషం ఉండవచ్చు. అలాంటిదే ఫ్లోరైడు.

భూమిలో కొన్ని రకాల రాళ్లలో ఫ్లోరైడు ఉంటుంది. అది నీళ్లలో కరిగి బావుల్లోకి, బోర్లలోకి వస్తుంది. దీనివల్ల వచ్చే జబ్బును 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో డాక్టర్లు గుర్తించారు. నల్గొండ జిల్లాలో ఎన్నో ఊళ్లు ఏళ్ల తరబడి బాధపడ్డాయి.

"మా అత్త ఈ నీళ్లే తాగింది. మేమూ తాగుతున్నాం. ఏమైంది?" అంటారు కొందరు. పురుగుమందు తాగితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఫ్లోరైడు అలా కాదు. రోజూ కొంచెం కొంచెంగా ఎముకల్లో చేరుతుంది.

విషం ఎంత కీడు చేస్తుందో తెలియాలంటే నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

ఎంత? లీటరు నీళ్లలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకుంటే మంచిది. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు తాగవచ్చు. అంతకు మించకూడదు. అమృతమైనా ఎక్కువైతే విషమే గదా!

ఎన్నాళ్లు? ఏళ్ల తరబడి తాగితే మెడ, నడుము పట్టేస్తాయి. కొందరికి ఎముకలు వంగిపోతాయి. వంగిన ఎముకను మందులు సరిచెయ్యలేవు.

ఏ దారిన? నోటి దారిన. ఆ నీళ్లతో స్నానం చెయ్యవచ్చు, బట్టలు ఉతకవచ్చు. తాగడానికీ, వంటకూ వాడకూడదు.

ఎవరికి? ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు లోపల కొత్త పళ్లు తయారవుతుంటాయి. వాటి మీద మచ్చలు పడతాయి. ఎంత తోమినా పోవు.

మరి కాచి తాగితే? కాస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడు పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. గుడ్డతో వడకట్టినా పోదు.

ఏం చెయ్యాలి?

ప్రతి బోరు నీళ్లనూ పరీక్ష చేయించాలి. ఒక బోరులో ఎక్కువుంటే పక్క బోరులో తక్కువుండవచ్చు. వాననీళ్లు శుభ్రంగా పట్టి దాచుకోవచ్చు. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. కానీ కొలత చేతివాటంగా వెయ్యకూడదు. పరీక్ష చూసి, తెలిసినవాళ్లు చెప్పినంతే వెయ్యాలి. పాలు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ తినాలి.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌లో ఊరికి అయిదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలని పెట్టారు. అంకెలు చదవగలిగిన మనిషి ఆ పని చెయ్యగలదు.

ఆలోచించండి:
1. మీ బోరు నీళ్లు ఎప్పుడు పరీక్ష చేశారు?
2. కాగితం మీద 2.4 అని ఉంది. ఆ నీళ్లు తాగవచ్చా?