బకెట్ పెట్టి ఊరుకోకు

అమ్మలూ,

గీజర్ కింద బకెట్ పెట్టాననీ, తెల్లారేసరికి సగం నిండిందనీ ఫోన్లో నవ్వుతూ చెప్పావు. నాకు నవ్వు రాలేదు. ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు స్విచ్ కట్టెయ్యి, ఎంసీబీ కూడా దించు. కారే నీళ్లు వైర్ల మీద పడితే, ఎర్తింగ్ సరిగ్గా లేని ఇంట్లో కుళాయి పట్టుకున్నా షాక్ కొడుతుంది. ఆ తర్వాత నీళ్లొచ్చే వాల్వు కట్టు.

ఇప్పుడు టార్చి వేసి, చుక్క ఎక్కణ్ణుంచి పుడుతోందో చూడు. పైపు బిగింపు దగ్గరైతే టెఫ్లాన్ టేపుతో పోతుంది. కాయిల్ బిగించిన చోటైతే గాస్కెట్ మారిస్తే సరి. నీళ్లు లోపలికెళ్లే పైపుకి ఇత్తడి వాల్వు ఉంటుంది చూడు, అది నీళ్లు కాగేటప్పుడు చుక్కలు రాల్చడం దాని ఉద్యోగం. 25 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి కాగితే సుమారు 350 మిల్లీలీటర్లు పెరుగుతాయి. అవి ఎటో ఒకవైపు పోవాలిగా! నేనోసారి ఈ సంగతి తెలీక, కారుతోందని దానికి బిరడా బిగించాను. నెల తిరక్కుండా గాస్కెట్ తన్నేసింది. మీ పిన్ని ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

అయితే నువ్వు చెప్పినదాన్ని బట్టి గీజర్ ఆపినా కారుతోంది, బయటి డొక్క అంచున తుప్పునీళ్లు దిగుతున్నాయి. అంటే లోపలి ట్యాంకే చిల్లిపడింది. ఎమ్‌సీల్ పెడతానని ఎవరైనా అంటే టీ ఇచ్చి పంపించెయ్యి. ఉన్న గీజర్‌కి ట్యాంకు గ్యారంటీ మిగిలుందేమో బిల్లు వెతుకు. కాయిల్ గ్యారంటీ వేరు, ట్యాంకు గ్యారంటీ వేరు.

చిల్లి ఎందుకు పడిందంటావా? మీది బోరు నీళ్లు. మీ నాయనమ్మ రాగి కాగు అడుగున తెల్లగా గార కట్టగానే చింతపండు వేసి తోమేది. గీజర్ కడుపులోకి చెయ్యి పెట్టేవాళ్లెవరు? గార కాయిల్ మీద పేరుకుంటుంది, ట్యాంకు లోపలి గాజుపూత బీటలిచ్చిన చోట ఉక్కు తుప్పు పడుతుంది. అందుకే లోపల మెగ్నీషియం రాడ్ ఒకటి పెడతారు. ముందు తను కరిగిపోయి ఉక్కుని కాపాడుతుంది. అది అయిపోయాక ట్యాంకు వంతు. బోరు నీళ్ల ఇంట్లో ఏడాదికోసారి విప్పించి చూడాలి. నువ్వు కాపురం పెట్టిన ఆరేళ్లలో ఎన్నిసార్లు చూపించావో నన్ను అడగనివ్వకు.

కొత్తది మీ ఇద్దరికీ 15 లీటర్లది చాలు. 2000 వాట్లదైతే ఇరవై నిమిషాల్లోపు కాగుతుంది. మీ గోడ తేలిక బ్లాకులది, దానికి తగిన ఫాస్టెనర్లే వేయించు. మీరుండేది పద్నాలుగంతస్తుల్లో మూడోది. పైన ట్యాంకు ముప్పై మీటర్ల పైమాటే, పది మీటర్లకి ఒక బార్ చొప్పున ఒత్తిడి లెక్కేసుకో. 8 బార్లకి తట్టుకునేది అడుగు. షాపువాడు రంగుల లైట్లు చూపిస్తాడు, అవి నీళ్లు కాచవు. పైపులు కొత్తవి వేయించు, పాత వాల్వు మాత్రం మళ్లీ బిగించనివ్వకు.

విప్పేటప్పుడు ఒక తమాషా ఉంది. వేడినీళ్ల కుళాయి తిప్పితే ఖాళీ అవుతుందనుకుంటావు, అవదు. వేడినీళ్లు బయటికొచ్చే గొట్టం లోపల పైదాకా ఉంటుంది, కింద నుంచి చన్నీళ్లు తోస్తేనే పైవి వస్తాయి. నీళ్లు చల్లారాక ఆ కుళాయి తెరిచి ఉంచి, చన్నీళ్ల పైపు విప్పమను. మొత్తం అక్కణ్ణుంచే దిగుతుంది. నీ బకెట్ పనికొచ్చేది అప్పుడే.

బిగించాక వేడి కుళాయిలోంచి గాలి పోయి నీళ్లు ధారగా వచ్చేదాకా స్విచ్ వెయ్యనివ్వకు. ఖాళీ ట్యాంకులో కాయిల్ కాలిపోతుంది. ప్లగ్గు 16 ఆంపియర్లదేనా, ఎర్త్ వైరు నిజంగా తగిలించి ఉందా అని ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించి చూడు.

పాత గీజర్‌ని ప్లంబరు పట్టుకెళ్లే లోపు అడుగు విప్పించి, ఆ మెగ్నీషియం రాడ్ ఫోటో తీసి నాకు పంపు. సన్నటి తీగ తప్ప ఏమీ మిగలలేదని నా పందెం. ఓడితే ఈసారి వచ్చేటప్పుడు పూతరేకులు నేనే తెస్తాను.

మీ బాబాయి